నల్లబురద, వెండి నానో కణాలు, ఒక ఎకరా గుంట లెక్క

పట్టుబడి అయిపోయి నీళ్లు వదిలేశాక రొయ్యల గుంట అడుగు ఎలా ఉంటుందో నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఎవరినడిగినా చెబుతారు. పైన పలుచగా బూడిదరంగు మట్టి. కాలి బొటనవేలితో అంగుళం లోతు గీస్తే కింద కాటుక లాంటి నలుపు, దాని వెంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆ బురదను తీసి గట్టు మీద పరిస్తే ఎండకూ గాలికీ నలుపు విరిగి మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. రైతు లెక్కలో అది విషపు మట్టి. ఎండగట్టాలి, గీకించాలి, సున్నం చల్లాలి, ఖర్చు రాసుకోవాలి.

ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. గాలి చొరబడని అడుగున కొన్ని రకాల బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఉప్పునీటిలోని సల్ఫేటుతో శ్వాసిస్తాయి. అలా వదిలిన హైడ్రోజన్ సల్ఫైడ్ మట్టిలో కరిగిన ఇనుముతో కలిసి అతిసూక్ష్మ కణాలుగా పేరుకుంటుంది. మామూలు ఉష్ణోగ్రతలో అలా పుట్టే ఐరన్ సల్ఫైడ్ స్ఫటికాల కొలత నానోమీటర్లలోనే ఉంటుంది. అంటే ఎవరూ అడక్కుండానే, ఎవరికీ అక్కర్లేకుండానే, కొత్తపట్నం నుంచి తడ దాకా ప్రతి గుంట అడుగునా బ్యాక్టీరియా నానో కణాలు చేసిపెడుతూనే ఉంది. కొలిమి లేదు, కరెంటు లేదు, ఘాటు ద్రావకాలు లేవు.

ఈ పనినే గాజు కుప్పెలోకి తెచ్చి, ఇనుము బదులు వెండి, బంగారం, పల్లాడియం ఇచ్చి చేయించుకోవడాన్ని ఇప్పుడు ‘గ్రీన్ సింథసిస్’ అంటున్నారు. పర్యావరణానికి హాని లేని తయారీ అని దానికి పేరు. ఆ పేరు ఎంతవరకు నిజం, ఏ చోట సాగదు అన్నది కాస్త లెక్క వేసి చూడాల్సిన సంగతి. రొయ్యల మందుల అంగళ్లలో ‘నానో’ అన్న మాట వినబడుతున్న రోజుల్లో నెల్లూరు, ప్రకాశం తీరానికి ఈ లెక్క మరీ అవసరం.

మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండేవాటిని నానో కణాలంటారు. చిన్నవైతే ఏమిటి గొప్ప? ఒక గ్రాము వెండిని గుండుగా చేస్తే బఠానీ గింజంత కూడా ఉండదు, దాని ఉపరితలం దాదాపు 1 చదరపు సెంటీమీటరు. అదే గ్రామును 20 నానోమీటర్ల కణాలుగా విడగొడితే ఉపరితలం మొత్తం 28 చదరపు మీటర్లు దాటుతుంది, అంటే ఇంట్లో రెండు గదుల నేలంత. వెండి పనంతా ఉపరితలం మీదే జరుగుతుంది. అక్కడి నుంచే వెండి అయాన్లు ఒక్కొక్కటిగా ఊడి నీళ్లలో కలుస్తాయి, సూక్ష్మజీవుల ప్రోటీన్లను పట్టుకుని పనిచేయనీయకుండా చేస్తాయి.

వీటిని తయారుచేసే మామూలు పద్ధతి కొత్తదేమీ కాదు. మైకేల్ ఫారడే 1857లోనే బంగారాన్ని నీళ్లలో కెంపురంగు ద్రవంగా చేసి చూపించాడు. 1951లో టర్కెవిచ్ బృందం బంగారు లవణాన్ని సోడియం సిట్రేట్‌తో మరిగించే పద్ధతిని స్థిరపరిచింది. వెండికైతే సిల్వర్ నైట్రేట్, సోడియం బోరోహైడ్రైడ్ వాడడం వాడుక. బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటివి నిజంగానే ప్రమాదకరమైన సరుకు. అయితే సిట్రేట్ నిమ్మ ఉప్పుకు తోబుట్టువు. కాబట్టి ‘రసాయన పద్ధతంటే విషం, బ్యాక్టీరియా పద్ధతంటే పవిత్రం’ అని మొదటి పేజీలోనే గీత గీసేసే పరిశోధన పత్రాలను కొంచెం అనుమానంగానే చదవాలి.

బ్యాక్టీరియాకు వెండి మీద మోజేమీ లేదు. అది ప్రాణరక్షణ. కరిగిన వెండి అయాను దానికి విషం. ఆ అయానుకు ఒక ఎలక్ట్రాన్ అందిస్తే విషం కాస్తా లోహపు నలుసై పక్కన పడి ఉంటుంది. ఆ ఎలక్ట్రాన్ ఇచ్చే ఎంజైములు దాని దగ్గర ముందే ఉన్నాయి. నైట్రేటును అరిగించుకోవడానికి వాడే నైట్రేట్ రిడక్టేజ్ వాటిలో ఒకటని చాలా అధ్యయనాలు చూపిస్తాయి. పుట్టిన నలుసుకు బ్యాక్టీరియా ప్రోటీన్లే అంటుకుని, ఒకదాన్నొకటి అతుక్కోకుండా తొడుగులా కాపాడతాయి. రసాయన పద్ధతిలో ఈ తొడుగు కోసం వేరే మందు కలపాలి. ఇక్కడ అది ఉచితం. గ్రీన్ సింథసిస్‌లో నిజమైన లాభం ఏదంటే ముందుగా చెప్పాల్సింది ఇదే.

1980లోనే బెవరిడ్జ్, ముర్రే అనే ఇద్దరు బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా కణకుడ్యంలో బంగారం పేరుకోవడం చూశారు. 1999లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెండి గనిలో దొరికిన సూడోమోనాస్ స్టుట్జెరి అనే బ్యాక్టీరియాకు సిల్వర్ నైట్రేట్ ఇచ్చి, దాని పొరల సందున 200 నానోమీటర్ల వరకు ఉన్న వెండి స్ఫటికాలు పెరగడం చూపించారు. మన వైపు ముచ్చట ఇంకా బాగుంటుంది. 2002లో ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం మజ్జిగలో ఉండే లాక్టోబాసిల్లస్‌తోనే బంగారం, వెండి స్ఫటికాలు పెంచి ప్రచురించింది. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊళ్లో, ప్రతి ఇంటి వంటింట్లోనూ ఉండే సూక్ష్మజీవితో జరిగిన పని అది. 2007లో ఇరాన్ పరిశోధకులు మరో మెట్టు ఎక్కారు. బ్యాక్టీరియాను తీసేసి, అది పెరిగిన ద్రవాన్ని మాత్రమే వెండితో కలిపినా కొద్ది నిమిషాల్లోనే కణాలు పుట్టాయని చూపించారు. అందులో వాడినవాటిలో క్లెబ్సియెల్లా న్యుమోనియే ఒకటి. ఆసుపత్రుల్లో రోగుల్ని ఇబ్బంది పెట్టే క్రిమిని లీటర్ల కొద్దీ పెంచి తయారుచేసింది ‘పర్యావరణ హితం’ ఎలా అవుతుందో మరి.

ఈ ప్రయోగం చేయడం ఎంత తేలికో, మోసపోవడం కూడా అంతే తేలిక. నెల్లూరులో ఆక్వా ల్యాబులకు కొరత లేదు. గుంట నీళ్లు సీసాలో తెచ్చిస్తే టీసీబీఎస్ అనే పోషక జెల్లీ పళ్లెం మీద పోసి, మరునాటికి గ్రీన్ కాలనీలు ఎన్ని, ఎల్లో కాలనీలు ఎన్ని అని, రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా లెక్క రాసిస్తారు. నానో కణాల ప్రయోగానికీ దాదాపు అదే సరంజామా సరిపోతుంది. గుంట మట్టిలోంచి వేరుచేసిన ఒక బాసిల్లస్‌ను పోషక ద్రవంలో వేసి, షేకర్ మీద ఒక రాత్రి తిప్పితే ద్రవం మసకబారుతుంది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తేటను వేరుచేయాలి. తేటకు ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్, అంటే లీటరుకు 170 మిల్లీగ్రాములు, కలపాలి. లేత గడ్డిరంగు ద్రవం పలుచని టీ డికాషన్ రంగుకు, ఆపైన ముదురు గోధుమకు తిరుగుతుంది. వెండి నానో కణాలు 400 నుంచి 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగును పీల్చుకోవడం వల్ల ఆ రంగు వస్తుంది. ఏ వెలుగు ఎంత పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరులో అక్కడ గుట్టలాంటి గీత కనబడగానే చాలామంది పండగ చేసుకుంటారు.

కానీ ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండాలి. క్లోరైడు ఉన్న ద్రవంలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఏమవుతుంది? విరిగిన పాలలాంటి తెల్లటి అవక్షేపం, సిల్వర్ క్లోరైడ్. ఆ పోషక ద్రవంలో, అంటే మామూలు న్యూట్రియెంట్ బ్రాత్‌లో, లీటరుకు 5 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే ఒక్కో వెండి అయానుకు 80కి పైగా క్లోరైడు అయాన్లు కాచుకుని ఉంటాయి. వెండిలో అధికభాగం ముందు వాటి పాలవుతుంది. ఆ సిల్వర్ క్లోరైడ్ వెలుతురు తగిలితే తనంతట తనే నల్లబడుతుంది. పాత ఫొటో ఫిల్ముల గుట్టు అదే. పైగా పోషక ద్రవంలోని పెప్టోన్, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ కూడా వెండిని ఎంతో కొంత లోహంగా మార్చగలవు. కుప్పెలో రంగు మారిందంటే పని చేసింది బ్యాక్టీరియానా, ఎండా, బ్రాతా?

ఇది తేల్చడానికి బ్యాక్టీరియా వేయని ఉత్త బ్రాత్‌లో అంతే వెండి కలిపి పక్కన పెట్టాలి. ఇంకొక కుప్పెను చీకట్లో ఉంచాలి. ఎండబెట్టిన పొడిని ఎక్స్‌ఆర్‌డీ యంత్రంలో (ఎక్స్‌కిరణాలు స్ఫటికం మీద పడి ఏ కోణంలో మళ్లుతాయో చూసేది) పెడితే అసలు వెండి 38 డిగ్రీల దగ్గర మొదటి శిఖరం చూపిస్తుంది. 32 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం కనబడితే అది సిల్వర్ క్లోరైడ్. అచ్చయిన పత్రాల్లోనే ఆ 32 డిగ్రీల శిఖరాన్ని ‘సేంద్రియ మలినం’ అని దాటేసిన సందర్భాలు కనిపిస్తాయి. మలినం కాదది, ఉప్పు. ఉప్పు లేని ద్రవంలో పెంచడమో, బ్యాక్టీరియా కణాలను రెండుసార్లు శుద్ధజలంతో కడిగి వాడడమో చేస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

అలా జాగ్రత్తపడి తీసిన కణాలకు ఉన్న పెద్ద లోపం సైజు. రొయ్యల వ్యాపారంలో ఇది వివరించక్కర్లేదు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే నూరు. ఒకే గుంటలో 30 నుంచి 100 దాకా అన్ని కౌంట్లూ కలిసి పడితే కొనేవాడు మొహం చిట్లిస్తాడు. బ్యాక్టీరియా ఇచ్చే నానో కణాల పంట తరచూ ఇలాగే ఉంటుంది. 5 నానోమీటర్లవీ ఉంటాయి, 80వీ ఉంటాయి. గుండ్రటివాటి పక్కనే పలకలూ ఉంటాయి.

కారణం ఇస్కపల్లి ఉప్పు మడి దగ్గర నిలబడితే అర్థమవుతుంది. ఉప్పునీరు చిక్కబడ్డాక రవ్వలు వేగంగా, ఒక్కసారిగా ఎన్నోచోట్ల మొలిస్తే ఉప్పు సన్నగా వస్తుంది. కదిలించకుండా నిదానంగా పేరుకుంటే రవ్వలు లావవుతాయి. లోహ కణాలూ అంతే. బోరోహైడ్రైడ్ క్షణంలో అన్ని మొలకలూ ఒకేసారి వేయిస్తుంది కాబట్టి దాదాపు ఒకే సైజు వస్తుంది. బ్యాక్టీరియా గంటల తరబడి, కొన్ని మొలకలు పెరుగుతుండగానే కొత్తవి వేస్తూ పోతుంది. కొంత అదుపు లేకపోలేదు. 2007లో రోడోసూడోమోనాస్ కాప్సులేటాతో చేసిన బంగారు కణాలు పీహెచ్ 7 దగ్గర 10 నుంచి 20 నానోమీటర్ల గుండ్లుగా, పీహెచ్ 4 దగ్గర పలకలుగా వచ్చాయి. కానీ పీహెచ్, ఉష్ణోగ్రత, కల్చర్ (బ్యాక్టీరియా పెరిగిన ద్రవం) వయసు, చివరికి పెప్టోన్ కంపెనీ మారినా ఫలితం మారుతుందంటే అది కర్మాగారానికి పనికొచ్చే అదుపు అనిపించుకోదు.

కచ్చితమైన సైజు ఇచ్చే బ్యాక్టీరియా అసలు లేదా అంటే, ఉంది. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అమెరికా తీరపు ఉప్పు బురదను సూక్ష్మదర్శినిలో చూస్తుంటే కొన్ని బ్యాక్టీరియా పనిగట్టుకుని ఒకే వైపుకు ఈదడం గమనించాడు. వాటి ఒంట్లో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం పూసల దండలా ఉంది. ఒక్కో పూస 35 నుంచి 120 నానోమీటర్లు, ఒక జాతిలో అన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. ఎక్కడ ఏ పూస పెరగాలో జన్యువులే నిర్ణయిస్తాయి. వెండి విషయంలో బ్యాక్టీరియా ప్రాణం కాపాడుకుంటోంది. ఇక్కడ దిక్సూచి తయారుచేసుకుంటోంది. అందుకే అంత శ్రద్ధ. చిక్కేమిటంటే ఈ జీవులు ప్రయోగశాలలో మహా నిదానంగా, అరకొరగా పెరుగుతాయి.

ఇప్పుడు అసలు ఆశ దగ్గరికి వద్దాం. వెండి నానో కణాలు విబ్రియోను చంపుతాయని ప్రయోగశాల పళ్లెంలో చూపించిన పనులు చాలా ఉన్నాయి, అవి నిజమే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనరు వెనక్కి వస్తుంది. యాంటీబయాటిక్ వాడకూడదు, విబ్రియో ఊరుకోదు. అలాంటప్పుడు ‘బ్యాక్టీరియాతో చేసిన, ప్రకృతిసిద్ధమైన నానో వెండి’ అనే మాట వినడానికి వెన్నెల్లా ఉంటుంది. లెక్క మాత్రం వేరేలా ఉంది.

ఒక ఎకరా గుంట, నాలుగు అడుగుల నీరు. మొత్తం దాదాపు 49 లక్షల లీటర్లు. పళ్లెం మీద విబ్రియో చావడానికి లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల నుంచి పదుల మిల్లీగ్రాముల దాకా వెండి పడుతుంటుంది. అందులో చాలా తక్కువగా, లీటరుకు ఒకే ఒక్క మిల్లీగ్రాము అనుకుందాం. 49 లక్షల మిల్లీగ్రాములంటే 4.9 కిలోల వెండి. ఒక్క గుంటకు, ఒక్క మోతాదుకు. పైన చెప్పిన కుప్పెలో లీటరుకు 108 మిల్లీగ్రాముల వెండే ఉంటుంది కాబట్టి, అంతా కణాలుగా మారిందనుకున్నా 45 వేల లీటర్ల కల్చరు కావాలి. పది వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర. సీసాలో లీటరు మందు కొని గుంటలో కలిపితే నీటిలో మిగిలే వెండి ఎంతో ఎవరికి వాళ్లు భాగించుకోవచ్చు.

సరే, డబ్బుంది, పోశారనుకుందాం. సెలైనిటీ 15, అంటే లీటరుకు దాదాపు 15 గ్రాముల ఉప్పు, ఉన్న నీటిలో లీటరుకు 8 గ్రాములకు పైగా క్లోరైడు ఉంటుంది. కుప్పెలో వచ్చిన గొడవే ఇక్కడ ఇంకా పెద్దగా వస్తుంది. ఊడిన వెండి అయాన్లను క్లోరైడు పట్టేసుకుంటుంది. ఉప్పు ఎక్కువైన నీటిలో కణాలు ఒకదాన్నొకటి దూరం నెట్టుకునే విద్యుదావేశం పనిచేయక ముద్దకట్టి అడుగుకు దిగిపోతాయి. ప్రోటీన్ తొడుగు దీన్ని కొంత ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. అడుగున ఏముంది? మొదట చూసిన నల్లబురద, దాని సల్ఫైడు. వెండికి సల్ఫైడు మీద ఉన్న పట్టు క్లోరైడు మీదకన్నా గట్టిది. ఇంట్లో వెండి గ్లాసు నల్లబడేది కూడా అందుకే. అలా వెండి చివరికి సిల్వర్ సల్ఫైడుగా బురదలో చేరి, నోరు మూసుకుని కూర్చుంటుంది.

ఈలోగా పనిచేసిన కాస్త వెండికి విబ్రియో ఒక్కటే శత్రువు అన్న వివక్ష ఉండదు. గుంటలో అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా వెండి దెబ్బకు బాగా సులువుగా కుంటుపడుతుందని తెలిసిన విషయమే. మేత మిగులుతో, రొయ్యల విసర్జనతో రోజూ పెరిగే అమ్మోనియాకు కాపలా అదే. ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) పేరుతో బెల్లం నీళ్లలో నానబెట్టి చల్లే బాసిల్లస్ లైకెనిఫార్మిస్ కూడా చావొచ్చు. విచిత్రం ఏమిటంటే 2008లో వెండి నానో కణాలు చేయించి చూపిన బ్యాక్టీరియాల్లో సరిగ్గా ఆ లైకెనిఫార్మిస్ ఒకటి. ఎడమ చేత్తో చల్లినదాన్ని కుడి చేత్తో చంపుకోవడమే.

నిరోధకత మాట కూడా ఉంది. 1970ల్లో అమెరికాలో ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో పుండ్లకు సిల్వర్ నైట్రేట్ పూస్తుంటే, వెండికి లొంగని సాల్మొనెల్లా పుట్టి వార్డునే మూయించింది. ఆ జన్యువుల గుంపును 1999లో వివరించిన బృందంలో పెద్దాయన పేరు సైమన్ సిల్వర్, ఇంటిపేరుతో సహా విషయానికి సరిపోయిన మనిషి. గుంటల నీళ్లు కాలువల మీదుగా కండలేరు క్రీకులోకి, బకింగ్‌హాం కాలువలోకి పోయి, మళ్లీ ఇంకో రైతు మోటారులోంచి పైకొస్తాయి. అలాంటి చోట తక్కువ మోతాదు వెండిని ఏళ్ల తరబడి వదలడమంటే లొంగని క్రిములను పెంచి పంచడమే.

అందుకని ఈ విద్య దండగ అనడం కూడా తొందరపాటే. తక్కువ లోహంతో ఎక్కువ పని జరిగే చోట్లు వెతకాలి. సెలీనియం అలాంటిది. సెలెనైట్ అనే సెలీనియం లవణం ఇస్తే బాసిల్లస్ జాతులు దాన్ని ఎర్రటి సెలీనియం నానో కణాలుగా మారుస్తాయి. తెల్లారేసరికి కుప్పె కుంకుమ కలిపినట్టవుతుంది, చూసి తీరాల్సిన రంగు. మేతలో సెలీనియం రొయ్యలకు, చేపలకు అవసరమే, ఎక్కువైతే విషం. నానో రూపంలో సెలెనైట్‌కన్నా విషగుణం తక్కువ. కిలో మేతకు మిల్లీగ్రాములోపు చాలు కాబట్టి టన్ను మేతకు పట్టేది గ్రాములోపే. వెండి లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూస్తే ఏది గట్టెక్కుతుందో తెలుస్తుంది. సైజులో తేడాపాడాలు కూడా ఇక్కడ కొంత సర్దుకుపోతాయి.

పరీక్ష కిట్లలో మాత్రం సర్దుకుపోవు. గర్భ నిర్ధారణ కిట్టులో, కోవిడ్ కిట్టులో కనిపించిన ఎర్ర గీత బంగారు నానో కణాలదే. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పట్టే పట్టీలూ అదే సూత్రం మీద ఉన్నాయి. ఆ కణాలు ఒకే కౌంట్‌లో లేకపోతే గీత ఒకసారి ముదురుగా, ఒకసారి లేతగా వస్తుంది. అందుకే అక్కడ ఇంకా సిట్రేట్ పద్ధతిదే రాజ్యం. కణం ఎత్తును నిజంగా కొలవాలంటే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు (సూది మొనతో తడిమి చూసే సూక్ష్మదర్శిని) కింద అభ్రకం రేకు మీద చుక్క ఆరబెట్టి చూస్తారు. అప్పటికప్పుడు పొర చీల్చిన అభ్రకమంత నున్నటి నేల ఇంకొకటి చవగ్గా దొరకదు. సైదాపురం గనుల మైకాకు ఇలాంటి ఉద్యోగం కూడా ఉందని గని కూలీలకు ఎవరూ చెప్పి ఉండరు.

సైజుతో బొత్తిగా పని లేని చోటే బ్యాక్టీరియా నిజంగా నెగ్గింది. మోటారు వాహనాల పొగను శుద్ధిచేసే పల్లాడియాన్ని వ్యర్థాల్లోంచి డీసల్ఫోవిబ్రియో అనే బ్యాక్టీరియా ఒంటిమీద పోగేసి, ఆ ఎండిన బ్యాక్టీరియా కణాలనే ఉత్ప్రేరకంగా వాడే పని ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో చాలా ఏళ్లుగా సాగింది. ఇంకా పెద్ద ఎత్తున జరిగింది నెదర్లాండ్స్‌లోని బుడెల్‌లో. అక్కడి జింకు కర్మాగారం కింద భూగర్భజలంలోకి దశాబ్దాల పాటు జింకు, సల్ఫేటు ఇంకాయి. 1992 నుంచి ఆ నీటిని పైకి తోడి, సల్ఫేటుతో శ్వాసించే బ్యాక్టీరియా తొట్టెల్లోకి వదులుతున్నారు. అంటే మన గుంట అడుగున ఉన్న నల్లబురద కార్మికులే, అక్కడ జీతానికి. అవి వదిలిన సల్ఫైడుతో జింకు సల్ఫైడు నలుసులై దిగుతుంది. నీరు శుభ్రపడుతుంది, దిగిన మడ్డి తిరిగి కొలిమికి పోతుంది. ఆ నలుసు 10 నానోమీటర్లా 500 నానోమీటర్లా అని అక్కడ అడిగేవాళ్లు లేరు. బరువు తూచి లోపల పోసేస్తారు.